గోపాల్‌పూర్, సోనాపూర్ తీరంలో చలికాలం అరుదైన పక్షులు నిజంగానే కనిపిస్తాయా?

మీ ప్రశ్న చదివాను. ఉద్యోగం మీద బరంపురం వచ్చి ఏడాదైందని, చలికాలంలో ఇక్కడికి సైబీరియా నుంచి అరుదైన పక్షులు వస్తాయని విని మూడు ఆదివారాలు గోపాల్‌పూర్ బీచికి వెళ్తే కాకులు, తెల్లటి సముద్రపు పిట్టలు తప్ప ఏమీ కనిపించలేదని రాశారు. అసలు వస్తాయా, వస్తే ఎప్పుడు ఎక్కడ చూడాలి, చూసింది అరుదైనదేనని ఎలా తేల్చుకోవాలి, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

వస్తాయి. కానీ మీరు వెళ్లిన చోటా, వెళ్లిన వేళా రెండూ కుదరలేదు.

నేను బరంపురంలోనే పుట్టి పెరిగినవాణ్ణి. మందుల షాపు నడుపుకుంటాను. ఇంట్లో తెలుగు, షాపులో ఒడియా. నాకు పక్షుల మీద ధ్యాస కలిగింది ఫైలిన్ తుపాను తర్వాత. 2013 అక్టోబరు 12 రాత్రి అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఊళ్లో చెట్లన్నీ నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను వెలిసిన మూడో రోజో నాలుగో రోజో బంధువుల క్షేమం కనుక్కోవడానికి గోపాల్‌పూర్ వెళ్లాను. ఒడ్డున, కొట్టుకొచ్చిన చెత్త పక్కన ఒక పక్షి కూర్చుని ఉంది. వీపు బొగ్గులా నలుపు, పొట్ట తెలుపు, తోక కత్తెరలా చీలి ఉంది. దగ్గరికి వెళ్లినా ఎగరలేదు. కళ్లు మాత్రం తెరిచి నావైపే చూస్తోంది. నీడలోకి జరుపుదామని చేతుల్లోకి తీసుకుంటే దూదిపింజంత బరువు కూడా లేదనిపించింది. సాయంత్రానికి చనిపోయింది. అది సూటీ టెర్న్ అని, నడిసముద్రం మీద బతికే పక్షి అని, దూరపు ద్వీపాల్లో గుడ్లు పెట్టడానికి తప్ప నేల మీదికే రాదని, గాలి కొట్టుకొచ్చి పడేసిందని చాలా రోజుల తర్వాత తెలిసింది. పేరు తెలియకుండా అది నా కళ్ల ముందే పోయిందన్న బాధ నన్ను వదల్లేదు. ఆ చలికాలమే ఒక సెకండ్ హ్యాండ్ బైనాక్యులర్ కొన్నాను.

అప్పటి నుంచి ప్రతి చలికాలం తిరుగుతున్నా, ధైర్యంగా 'ఇది అరుదైనది' అని చెప్పగలిగినవి పట్టుమని పది లేవు. ఈ మాట మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. ఆ కాసినీ ఎలా దొరికాయో చెబితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని.

ముందు చోటు సంగతి. గోపాల్‌పూర్ లైట్‌హౌస్ ముందున్న బీచిలో జనం, బజ్జీల బళ్లు, కుక్కలు. అలలు నేరుగా ఒడ్డుకి విరుచుకుపడతాయి. తీరపు పక్షులకి కావలసినవి రెండు: నీళ్లు తగ్గినప్పుడు పురుగులు, చిన్న గుల్లలు ఏరుకోవడానికి తడి బురద, నీళ్లు ఎక్కినప్పుడు భయం లేకుండా నిలబడడానికి ఒక దిబ్బ. ఈ రెండూ కలిసి దొరికేది నది సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర. ఒడియావాళ్లు ముహాణ అంటారు. మనకి అందుబాటులో రెండు మంచి మొగలున్నాయి. ఉత్తరాన గంజాం ఊరి దగ్గర రుషికుల్య మొగ, దక్షిణాన ఇచ్ఛాపురం వైపు సోనాపూర్ దగ్గర బాహుదా మొగ. వీటికి తోడు గోపాల్‌పూర్ వెనక ఉన్న ఉప్పుటేరు, హుమ్మా దగ్గరి ఉప్పు మళ్లు, ఛత్రపురం పక్కన తంపరా సరస్సు. ఇంకాస్త పైకి వెళ్తే రంభ దగ్గర చిలికా మొదలవుతుంది. చిలికా గురించి అందరికీ తెలుసు. జనవరి లెక్కల్లో ఈమధ్య ఏటా సుమారు 11 లక్షల పక్షులు తేలుతున్నాయి. కానీ కొత్తవాళ్లు నేరుగా చిలికాకి వెళ్తే ఆ లక్షల్లో తప్పిపోతారు. నా సలహా వినండి, చిన్న మొగతో మొదలుపెట్టండి.

నాది బాహుదా మొగ. అక్కడి జాలరి పల్లెల్లో మాట్లాడేది తెలుగే. ఒడియావాళ్లు వాళ్లని నోళియాలంటారు. మొదటి రెండేళ్లూ తెల్లారకముందే బండి మీద వెళ్లి, ఖాళీ ఇసుక చూసి తిరిగొచ్చిన రోజులే ఎక్కువ. ఒకరోజు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పిలిచాడు.

"ఏటి బాబూ, రోజూ వచ్చి ఏటి ఎతుకుతున్నావు?"

"పిట్టల కోసం మావా. ఉంటాయని విన్నాను, ఒక్కటీ కనపడదు."

"పిట్టలు కావాలంటే పొద్దు చూసుకుని రాకు, పోటు చూసుకుని రా. నీళ్లెక్కితే దిబ్బ చిన్నదైపోద్ది. అన్నీ ఒక్క సోటికే చేరతాయి."

పుస్తకాల్లో ఈ సంగతి ఉంటుంది గానీ నా బుర్రకి ఎక్కింది ఆ మాటతోనే. పాటు వేళ, అంటే నీళ్లు దిగినప్పుడు, పక్షులు బురదంతా చెదిరిపోయి కిలోమీటరు దూరంలో చుక్కల్లా ఉంటాయి. పోటు వేళ అవే పక్షులు దిబ్బ మీద భుజం భుజం రాసుకుని నిలబడతాయి. పోటుకీ పోటుకీ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు, రోజూ ముప్పావు గంట పైచిలుకు ఆలస్యమవుతుంది. ఫోన్లో గోపాల్‌పూర్ పోటు వేళలు దొరుకుతాయి. మన దగ్గర ఆటుపోట్ల తేడా గుజరాత్ తీరంలో అంత పెద్దది కాదు. కాబట్టి అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ రెండు రోజులు ఎంచుకోండి, అప్పుడు తేడా బాగా తెలుస్తుంది. పోటుకి రెండు గంటల ముందే వెళ్లి, దిబ్బకి దూరంగా, ఎండ వీపు మీద పడేలా కూర్చోండి. పక్షుల దగ్గరికి మీరు వెళ్లొద్దు. నీళ్లే వాటిని మీ వైపు తోసుకొస్తాయి.

ఇక ఏది అరుదో తేల్చుకోవడం. ఇందులో నేను చేసిన ఒక తప్పు వివరంగా చెప్పాలి.

2016 జనవరిలో ఒక పొద్దున బాహుదా బురదలో పిచ్చుకంత పిట్టలు ముప్పై దాకా తింటున్నాయి. మా అమ్మమ్మ వీటన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలనేది. పుస్తకాల్లో పేరు లిటిల్ స్టింట్. వాటిలో ఒకదాని ముక్కు చివర గుండ్రంగా, గరిటెలా కనిపించింది. నా గుండె ఆగినంత పనైంది. గరిటె ముక్కు ఉల్లంకి, అంటే స్పూన్ బిల్డ్ శాండ్‌పైపర్, రష్యా ఈశాన్య కొసన చుకోత్కా వైపు గుడ్లు పెట్టే పిట్ట. ప్రపంచం మొత్తం మీద వందల్లోనే మిగిలింది. ఒకప్పుడు చిలికాలో కనిపించినట్టు చదివాను. చేతులు వణుకుతుండగా నాలుగు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. సాయంత్రానికి ఫోన్లే ఫోన్లు. మర్నాడు భువనేశ్వర్ నుంచి నలుగురు కారులో దిగారు.

మూడు గంటలు వెతికాం. స్టింట్లు ఉన్నాయి, గరిటె లేదు. వచ్చినవాళ్లలో వయసులో పెద్దాయన నా ఫొటోలు పెద్దవి చేసి చూసి, ఒక్కమాట కూడా కసురుకోకుండా చెప్పారు. "ఆ పిట్ట ముక్కు పైనుంచో ఎదురుగానో చూస్తేనే గరిటెలా ఉంటుంది. పక్క నుంచి చూస్తే ఇంచుమించు మామూలు ముక్కే. మీ ఫొటో పక్క నుంచి తీసింది, అయినా ఉబ్బెత్తుగా ఉంది. అంటే అది బురద ముద్ద." ఇంకో మాట కూడా అడిగారు. "తింటున్నప్పుడు ముక్కు ఎలా కదిలించింది?" నాకు గుర్తులేదు. స్టింట్ కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తుంది. గరిటె ముక్కుది తల దించి ముక్కుని అటూ ఇటూ ఊపుతూ నీళ్లని జల్లించే పద్ధతి. నేను ముక్కు ఒక్కటే చూశాను, పక్షిని చూడలేదు. వాళ్లకి పోయిన రోజు, పెట్రోలు ఖర్చు, నా మీద పెట్టుకున్న నమ్మకం, ఇవన్నీ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. అరుదైనవాటి కోసం కాదు, మామూలువాటి కోసం. ప్రతిసారీ ఎన్ని కెంటిష్ ప్లవర్లు, ఎన్ని శాండ్ ప్లవర్లు, ఎన్ని కర్ల్యూ శాండ్‌పైపర్లు, ఎన్ని గల్స్ (తెల్లటి సముద్రపు పిట్టలు) అని లెక్క రాయడమే. మూడు చలికాలాలు ఇదే చేశాను. ఇంట్లో 'రోజూ అవే పిట్టలు కదా' అనేవాళ్లు. అవునూ, అవే. ఇంట్లోవాళ్ల నడక తెలిస్తేనే గుమ్మంలో కొత్త అడుగు చప్పుడు వేరుగా వినిపిస్తుంది.

2019 నవంబరులో అదే జరిగింది. పోటు ఎక్కుతోంది, దిబ్బ మీద అరవై దాకా కర్ల్యూ శాండ్‌పైపర్లు, శాండ్ ప్లవర్లు చేరాయి. లెక్కపెట్టుకుంటూ పోతుంటే ఒక్కచోట కన్ను ఆగింది. ఎందుకు ఆగిందో ముందు తెలియలేదు. పిల్లల వరసలో పెద్దన్నయ్య నిలబడినట్టు ఒక పక్షి. చుట్టూ ఉన్నవాటి కంటే తల ఎత్తు ఎక్కువ, ఛాతీ బరువుగా ఉంది. ముక్కు నల్లగా, తల పొడవు కంటే కాస్త ఎక్కువ, కొస దగ్గర కొంచెమే వంగింది. బూడిద రంగు ఛాతీ మీద ముదురు చుక్కలు, అవి పక్కలకి కూడా జారాయి. ఈసారి ఫొటో గ్రూపులో పెట్టలేదు. ముందు రాసుకున్నాను: ఏ పక్షి పక్కన నిలబడింది, దానికంటే ఎంత పెద్దది, కాళ్ల రంగేంటి, ఏం తింటోంది. అది చిన్న గుల్లని పగలగొట్టకుండా ఉన్నపళంగా మింగేసింది. నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. రెక్కలు విప్పితే తప్ప తేలదు, అలాగని లేపకూడదు. చివరికి ఒక డేగ దిబ్బ మీదుగా వెళ్లడంతో మంద మొత్తం లేచింది. తోక మొదట్లో తెల్లటి పట్టీ మెరిసింది. రెక్క మీద గీత సన్నగా, ఉందా లేదా అన్నట్టుంది.

గ్రేట్ నాట్. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ అనే సైటులో రాస్తే ఈ ప్రాంతానికి అరుదని వివరాలు అడిగింది. పరిశీలించే వాలంటీరు రెండు ప్రశ్నలు పంపారు. నోటుబుక్కులోది ఉన్నదున్నట్టు రాసి, తొమ్మిది ఫొటోలు జతచేశాను. మూడు వారాలకి ఒప్పుకున్నారు. ఆ మూడు వారాలు పరీక్ష రిజల్టు కోసం ఎదురుచూసినంత టెన్షన్.

ఆ పక్షి ఎందుకు అరుదైందో చదివాక సంతోషం సగం అయింది. గ్రేట్ నాట్లు సైబీరియా ఈశాన్యపు కొండల మీద గుడ్లు పెడతాయి. చలికాలానికి ఎక్కువభాగం ఆస్ట్రేలియా వెళ్తాయి, కొన్ని మన వైపు వస్తాయి. ఆ దారిలో దిగి కడుపు నింపుకునే ముఖ్యమైన చోటు చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రం బురద నేలలు. దక్షిణ కొరియాలో సేమంగుమ్ అనే చోట 33 కిలోమీటర్ల పొడవున గోడ కట్టి 2006లో సముద్రాన్ని మూసేశారు. ఏటా అక్కడ దిగే పక్షులకి బురద లేకుండా పోయింది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, తిండి దొరికే చోటు మాయమైతే ఏం చేస్తాయి? ఇప్పుడది అంతర్జాతీయంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. నా దిబ్బ మీద గుల్లలు మింగిన ఆ ఒక్క పక్షి వెనక ఇంత కథ ఉంది.

'సైబీరియా' అన్న మాట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరూ అదే రాశారు. మన ప్రాంతంలో కొత్త పక్షి ఏది వచ్చినా సైబీరియా పక్షే అనేస్తాం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చెట్ల నిండా గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగల్ని అలాగే పిలుస్తారు. అవి సైబీరియావి కావు, మన దేశపు పక్షులే. ఒడియాలో గెండాళియా అంటారు. వానలతో వచ్చి, నత్తలు తిని పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోతాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూడా అంతే. ఆ ఊళ్లవాళ్లు వాటిని సొంత ఆడపడుచుల్లా కాపాడుకుంటారు, వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. పుట్టిల్లు మాత్రం సరిగ్గా చెప్పుకుందాం. ఇంకో వైపు, మీరు 'తెల్లటి సముద్రపు పిట్టలు' అని తీసిపారేసినవి బహుశా బ్రౌన్ హెడెడ్ గల్స్. అవి లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పుట్టి హిమాలయాలు దాటి వచ్చినవి! చలికాలంలో తల తెల్లబడి, చెవి దగ్గర ఒక మచ్చ మిగులుతుంది. రెక్క కొసల నలుపులో తెల్ల చుక్కలుంటాయి. ఈ ఆదివారం వాటినే ఒక గంట చూడండి. ఆ గుంపులో ఒకటి మిగతావాటికంటే బాగా పెద్దగా, పసుపు ముక్కుతో కనిపిస్తే అది పలాసెస్ గల్ కావచ్చు. అలాగే చిలికా, తంపరా వైపు గోధుమ నారింజ రంగు బాతులు జంటగా కనిపిస్తే, మన పద్యాల్లో రాత్రిళ్లు విడిపోయి ఏడ్చే జక్కవలు అవే.

ఎప్పుడంటే, జనవరిలో సంఖ్య ఎక్కువ. కానీ నాకు దొరికిన అరుదైనవి ఎక్కువగా అక్టోబరు, నవంబరులో, మళ్లీ మార్చి ఆఖరున. అప్పుడు దారిన పోయేవి ఒకటి రెండు రోజులు ఆగుతాయి. ఏప్రిల్లో కర్ల్యూ శాండ్‌పైపర్లు ఇటుక రంగులోకి మారుతుంటాయి, అవి వెళ్లేలోపు ఒక్కసారైనా చూడండి.

కెమెరా గురించి అడగలేదు గానీ, ముందు 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. అద్దం ఉన్న) బైనాక్యులర్ కొనండి. ఫొటో అందంగా రావక్కర్లేదు. ముక్కు, కాళ్లు, పక్కనున్న ఇంకో పక్షి ఒకే ఫ్రేములో ఉంటే చాలు. కాలికి పరిశోధకులు కట్టిన ఉంగరం గానీ రంగు జెండా గానీ కనిపిస్తే దాని మీది అక్షరాలు, రంగు, ఏ కాలికి ఉందో రాసుకుని ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. ఆ పక్షి ఎక్కడ జెండా కట్టించుకుందో అలాంటి కబుర్లతోనే తెలుస్తుంది.

ఒక విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. రెండేళ్ల కిందట జనవరి ఒకటిన పిక్నిక్‌కి వచ్చిన కుర్రాళ్లు పోటు వేళ దిబ్బ మీదికి బైకులు తోలారు. పైన డ్రోన్. గంటలో మూడుసార్లు మంద మొత్తం లేచింది. నాలుగోసారి ఇక దిగలేదు, సముద్రం మీదుగా వెళ్లిపోయింది. తినే వేళ తిని, పోటు వేళ నిలబడి కూడబెట్టుకున్న బలమే వాటికి తిరుగు ప్రయాణం. వెళ్లి చెప్పాను, 'ఇసుక మీద తోలితే మీకేంటండీ' అన్నారు. వాళ్లకి పక్షులు కనపడనే లేదు. అందుకే దిబ్బ ఫొటోలు పెట్టేటప్పుడు చోటు వివరంగా రాయను, వారం ఆగి పెడతాను. చలికాలంలో ఎవరైనా అడవి బాతు మాంసం ఇస్తామంటే కూడా వద్దనండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. చిలికా ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన చేతులే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, పడవల్లో జనాన్ని తిప్పి చూపిస్తున్నాయి. ఒక్కసారి అక్కడికి వెళ్లి వాళ్ల మాట వినండి.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. మా చిన్నది ఆరేళ్లప్పుడే శాండ్ ప్లవర్‌ని నడకతో గుర్తుపట్టేది, అవి నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగుతాయి. నీడ ఉండదు, మొగలి పొదలే దిక్కు. టోపీ, నీళ్లు, జంతికలో ఏవో పెట్టుకోండి. రుషికుల్యకైతే ఫిబ్రవరి, మార్చిలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ రోజుల్లో అటవీ సిబ్బందిని అడక్కుండా ఇసుక మీదికి దిగొద్దు. బాహుదాకైతే వచ్చే అమావాస్య దాటిన ఆదివారం నేనెలాగూ వెళ్తున్నాను. నోటుబుక్కు పట్టుకుని దిబ్బకి దూరంగా కూర్చున్న మనిషి కనిపిస్తే నేనే, వచ్చి పక్కన కూర్చోండి.